అప్పడం వచ్చు... అర్జీయే రాదు!

బరంపురం: మినప్పిండిలో ఇంగువ ఎంత, మిరియం ఎంత అన్నది వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. బరంపురం అప్పడాలు, పచ్చళ్లకు ఒడిశాలో మంచి పేరుంది. వాటిని ఒత్తే చేతుల్లో తెలుగు ఇల్లాళ్లవీ ఉన్నాయి. కానీ చాలామంది ఒత్తి ఇచ్చి కూలి పుచ్చుకోవడం దగ్గరే ఆగిపోతున్నారు. సొంత పేరుతో ప్యాకెట్ వేయాలంటే ఏ ఆఫీసుకెళ్లాలి? ఎవర్నడగాలి? సరిగ్గా ఇక్కడే దళారీ తగులుతాడు!

గంజాం 1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి విడివడి ఒడిశాలో కలిసింది. అయినా ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కోడళ్లు రావడం ఆగలేదు. నాలుగేళ్లుంటే ఒరియా మాట వచ్చేస్తుంది. చదవడమే రాదు. ఆధార్‌లో పుట్టింటి చిరునామా, కులపత్రం అటువైపుది. ‘మనకెందుకొచ్చిన గొడవప్పా’ అని తోటికోడలు అనేసరికి ఉన్న ధైర్యం కాస్తా జారిపోతుంది.

కులపత్రం లేకున్నా...

నిజానికి అంత గొడవేం లేదు. పుట్టిల్లు ఎక్కడన్నది కాదు, యూనిట్ ఎక్కడ పెడతారన్నదే లెక్క. గంజాంలో పెడితే గంజాం జిల్లా పరిశ్రమల కేంద్రానికే (డీఐసీ) వెళ్లాలి. ఈ కేంద్రాలు 1978 నుంచి ఉన్నవే. సలహాకు రుసుం లేదు.

2008లో వచ్చిన పీఎంఈజీపీ నిబంధనలు చూస్తే సంగతి తెలుస్తుంది. అందులో మహిళ అయితే చాలు, ప్రత్యేక వర్గం కిందకే వస్తారు. కులపత్రం కోసం రెండు రాష్ట్రాల మధ్య తిరగక్కర్లేదు. రాయితీ పట్టణంలో 25 శాతం, పల్లెలో 35 శాతం. సొంత వాటా 5 శాతం. అంటే నగరపాలక సంస్థ హద్దు దాటి పంచాయతీలో షెడ్డు వేస్తే పది శాతం తేడా! అయితే ఆ రాయితీ చేతికివ్వరు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. యూనిట్ నడిస్తేనే అప్పులో జమ. ఇది తెలియక ‘సర్కారు సొమ్ము’ అనుకుని దిగినవారు ఇబ్బంది పడతారు. పథకాల లెక్కలు మారుతుంటాయి, అర్జీ పెట్టే ముందు డీఐసీలో మరోసారి అడగడం మేలు.

దళారీకి ఇచ్చేదంతా దండగే

ఉద్యమ్ నమోదు 2020 జులై 1న మొదలైంది. దానికి పైసా ఫీజు లేదు. ఆధార్, పాన్, ఆధార్‌కు కలిపిన ఫోన్ దగ్గరుంటే ఇంట్లో చదువుకుంటున్న పిల్లలే చేసేస్తారు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మాత్రం తప్పదు. చిన్న తయారీదారుకు పెద్ద లైసెన్సు అక్కర్లేదు గానీ, ప్యాకెట్‌పై 14 అంకెల నంబరు లేనిదే పెద్ద దుకాణాలు సరుకు తీసుకోవు.

తయారీ వచ్చినా లెక్కలు రానివారికి గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి. శిక్షణ, భోజనం, బస ఉచితం. తర్వాత రెండేళ్లపాటు వెన్నంటి సలహా ఇస్తారు. వీటిని జిల్లా లీడ్ బ్యాంకులు నడుపుతాయి. గంజాంకు ఆ బ్యాంకు ఒకప్పుడు మన ఆంధ్రా బ్యాంకే. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసింది. చిన్న యూనిట్లకు 10 లక్షల వరకు అప్పుకు ఆస్తి హామీ అడగరాదని రిజర్వ్ బ్యాంకు 2010లోనే బ్యాంకులకు చెప్పింది. కౌంటర్లో పొలం కాగితాలు అడిగితే ఈ మాట గుర్తుచేయొచ్చు.

ఇక మేనేజరు అడిగేది వేరే ఉంటుంది. నెలకు ఎన్ని కిలోల మినప్పప్పు, ఎవరు కొంటారు, వానాకాలం ఎండ లేకుంటే అప్పడం ఎలా ఆరుతుంది? ఆఖరి ప్రశ్నకు తడుముకునేవారే ఎక్కువ. డ్రయ్యర్ అమ్మే దుకాణం నుంచి కొటేషన్ తెచ్చి ముందే అర్జీకి జతచేస్తే ఆ ప్రశ్న రాదు.