ఛాత్రోపాధ్యాయులు – పరిశోధన

పరిశోధన యనగానే మనకు విశ్వవిద్యాలయములు, ప్రయోగశాలలు, లావుపాటి గ్రంథములు స్ఫురించును. రేపు ఆరవ తరగతికో యేడవ తరగతికో లెక్కలు చెప్పబోవు యువతీయువకులకు పరిశోధన యెందులకని కొందరు పెద్దలు అడుగుచుందురు. శిక్షణ కళాశాలలలో ఈ పాఠము పెక్కుచోట్ల జరుగు తీరు చూచినచో, ఆ ప్రశ్న న్యాయమైనదనియే చెప్పవలెను. శిక్షణ పొందుచున్న భావి యుపాధ్యాయుని ఛాత్రోపాధ్యాయుడందురు. అతడు పరిశోధనకు నాలుగు నిర్వచనములు వల్లించును. పోయిన యేటి నివేదిక నొకదానిని సంపాదించి, ఊరిపేరు, బడిపేరు మార్చి, అందముగా అట్టవేయించి సమర్పించును. దీనివలన ఎవరికిని ప్రయోజనము లేదు. అయినను ఈ పాఠమును తీసివేయవలెనని నేననను. ఏల యనగా దీని యవసరము కళాశాలలో గాక, తరగతిలో వెనుక బల్లమీద కూర్చున్న బాలుని నోటు పుస్తకములో కనబడును.

శ్రోతలారా, ఒక చిన్న లెక్క చూడుడు. 402 నుండి 178 తీసివేయవలెను. సరియైన జవాబు 224. ఒక బాలుడు 376 అని వ్రాసినాడనుకొందము. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో అడ్డుగీత గీచి, క్రింద ‘అశ్రద్ధ’ యని వ్రాయును. కాని ఒక్క నిమిషము నిదానించినచో వేరొక సంగతి తెలియును. ఒకట్ల స్థానమున ఎనిమిదిలోనుండి రెండు తీసివేసి ఆరు వేసినాడు. పదుల స్థానమున ఏడులోనుండి సున్న తీసివేసి ఏడు వేసినాడు. వందల స్థానమున నాలుగులోనుండి ఒకటి పోగా మూడు. అనగా, ఏ అంకె పైన నున్నది, ఏది క్రింద నున్నది యని చూడక, ఎక్కడికక్కడ పెద్దదానిలోనుండి చిన్నదానిని తీసివేసినాడు. ఇది అశ్రద్ధ కాదు. అతి శ్రద్ధగా పాటించిన తప్పు సూత్రము. అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అను పరిశోధకులు 1978లో ఇట్టి తీసివేత లెక్కలనే పరిశీలించి, బాలుర తప్పులలో అనేకము ఒక నియమము ననుసరించియే జరుగునని ప్రకటించిరి.

ఇక్కడనే పరిశోధన మొదలగుచున్నది. మన యూహ నిజమైనచో, ఈ బాలునకు 503 నుండి 267 తీసివేయు లెక్క యిచ్చినప్పుడు 236కు బదులు 364 రావలెను. 487 నుండి 162 తీసివేయు లెక్కలో అప్పు తెచ్చుకొను పని లేదు గనుక అది సరిగా 325 రావలెను. ఈ రెండు లెక్కలు ఇచ్చి చూడవలెను. రాకపోయినచో మన యూహ తప్పు, మరియొకటి వెదకవలెను. శాస్త్రగ్రంథములలో పరికల్పన యని పిలువబడునది ఇంతకంటె వేరు కాదు. ఇది తెలియని యుపాధ్యాయుడు ‘ఇంకను సాధన చేయుము’ అని యేబది లెక్కలిచ్చును. బాలుడు తప్పు సూత్రమునే యేబది మారులు అభ్యసించును. ఏడాది గడచునప్పటికి వానికి మొద్దు అను పేరు స్థిరపడును. ఆ పేరు ఇంటిలోను వినబడును, క్రమముగా వాడును దానిని నమ్మును.

ఈ ప్రమాదము ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలో మరింత హెచ్చు. ప్రాథమిక పాఠశాలలో ఒక్క పంతులుగారే పొద్దున్నుండి సాయంకాలము వరకు పిల్లలతో నుండుట కలదు. ప్రాథమికోన్నత దశలో గణిత విజ్ఞానములకు ఒకరు, సాంఘికమునకు ఒకరు, భాషలకు ఒకరు ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము నిర్ణయించినది. ఏర్పాటు మంచిదే. కాని గంట మ్రోగినంతనే గది విడిచిపోవు ఉపాధ్యాయునకు పిల్లవాని సమగ్ర స్వరూపము కనబడదు, మార్కులే కనబడును.

ఉపాధ్యాయుడే తన తరగతిలో సమస్యను గుర్తించి, ఉపాయము పన్ని, ఫలితము పరీక్షించు పద్ధతికి క్రియాత్మక పరిశోధన యని పేరు. కర్ట్ లెవిన్ 1946లో ఈ పేరుతో వ్యాసము వ్రాసెను. కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలకు చెందిన స్టీఫెన్ కోరీ 1953లో దీనిని బడులకు అన్వయించుచు గ్రంథము వెలువరించెను. మన దేశమున 2014 నాటి నిబంధనలతో బి.ఇడి. శిక్షణ రెండేండ్లకు పెరిగి, ఛాత్రోపాధ్యాయులు బడులలో గడపు కాలము హెచ్చినది. కాలము దొరికినది, దానిని వినియోగించు విధమే నేర్పవలసి యున్నది. అధ్యాపకుడు తొలినాడు నిర్వచనములు చెప్పుట మాని, ముప్పది జవాబు పత్రములు బల్లపై పోసి, ఇద్దరిద్దరి చొప్పున కూర్చుండబెట్టి, తప్పులను జాతులవారీగా వేరుచేయుడని చెప్పిన చాలును. నిర్వచనము మూడవ వారమున తానే వచ్చును.

ఒక చిక్కు మాత్రము తప్పక విప్పి చెప్పవలెను. పరీక్ష పెట్టి, అందరికంటె తక్కువ మార్కులు వచ్చిన పదిమందిని ఏరి, మూడు వారములు ప్రత్యేకముగా బోధించి, తిరిగి పరీక్షింతురు. సగటు పెరుగును. పద్ధతి జయప్రదమైనదని వ్రాయుదురు. కాని ఆ పదిమందిలో నిజముగా పాఠము రానివారితోపాటు, ఆనాడు జ్వరము వచ్చినవాడు, నిద్రలేనివాడు, ప్రశ్న సరిగా వినబడనివాడు కూడ ఉందురు. రెండవ పరీక్షనాడు ఆ కష్టములు మరల వారికే రావు గనుక, ఏమియు బోధింపకున్నను సగటు కొంత పెరుగును. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్, మిక్కిలి పొడుగైన తలిదండ్రుల బిడ్డలు సగటున వారంత పొడుగు కారని లెక్కలతో చూపెను; ఈ చిక్కును ఆ జాతిదే. దీనికి విరుగుడు సులభము. ఇరువదిమంది వెనుకబడినవారిని తీసికొని, చీట్లువేసి రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ముందు బోధించి, రెండు జట్లకును పరీక్ష పెట్టి పోల్చవలెను. పిమ్మట రెండవ జట్టుకును బోధింపవలెను. ఏ బిడ్డకును నష్టము కలుగదు.

ఇక నివేదిక. అధ్యాయముల పేర్లు, పట్టికల వరుస ఒక పూటలో నేర్పవచ్చును. కష్టమైనది వాక్యము. ‘ప్రయోగానంతరము విద్యార్థుల సామర్థ్యము గణనీయముగా అభివృద్ధి చెందినది’ అను వాక్యము ఏ నివేదికలోనైనను ఇముడును. అదియే దాని దోషము. ‘పదిమందిలో ఏడుగురు పదుల స్థానమున సున్న ఉన్న లెక్కలు చేయగలిగిరి, ముగ్గురు పాతరీతినే చేసిరి, ఆ ముగ్గురిలో ఒకడు రెండు వారములు బడికి రాలేదు’ అని వ్రాసినచో, వచ్చే యేడు ఆ తరగతికి వచ్చు ఉపాధ్యాయునకు పని తెలియును. చూచినది వేరు, ఊహించినది వేరు. రెండును ఒకే వాక్యములో కలుపరాదు. పిల్లల పేర్లు మార్చి వ్రాయవలెను.

పిల్లల మాటలు మాత్రము మార్చరాదు. ‘చిన్నదాంట్లోంచి పెద్దది ఎట్లా పోతుంది సార్’ అని బాలుడన్నచో, అట్లే వ్రాయవలెను. దానిని ‘విద్యార్థికి వ్యవకలన భావన అవగతము కాలేదు’ అని దిద్దినచో సాక్ష్యము పోయినది. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండి, సవరల భాషను వారి నోటనే విని నేర్చి, వారికి బడులు పెట్టి, వారి భాషలో పుస్తకములు వ్రాసిరి. 1931లో సవర భాషను గూర్చి వారి గ్రంథము వెలువడినది. విన్నది విన్నట్లు వ్రాసికొనుట యెంత పని చేయగలదో ఆ పంతులుగారి జీవితము చెప్పును. వ్యావహారికమునకై పోరాడిన వారిని గ్రాంథికములో స్తుతించుట చూచి శ్రోతలు నవ్వుకొందురేమో!

ఫలింపని ప్రయోగమునకు మార్కులు తగ్గించుట ఒక దురాచారము. ఫలించినదానికే మార్కులని తెలిసిన పిమ్మట ప్రతి నివేదికయు ఫలించియే తీరును. నేను పరీక్షకులకు సూచించునది ఒక్కటే. మౌఖిక పరీక్షలో నిర్వచనము లడుగక, నివేదికతో జతచేసిన జవాబు పత్రములలో నొకదానిని తీసి ఛాత్రోపాధ్యాయుని ముందుంచి, ‘ఈ పిల్లవాడు ఇట్లేల వ్రాసినాడు? ఇప్పుడేమి వ్రాయుచున్నాడు?’ అని యడుగవలెను. పరిశోధించినవాడు పది నిమిషములు చెప్పును. నకలు చేసినవాడు ఆ పత్రమును అప్పుడే మొదటిసారి చూచును.