క్లాస్ కోకిల: పచ్చని మెరుపుల ఆఫ్రికా పిట్ట

సహారా ఎడారికి దక్షిణాన నివసించే క్లాస్ కోకిల, ముక్కు కొన నుంచి తోక చివర వరకు 16 నుంచి 18 సెంటీమీటర్లకు మించని పక్షి. మామిడి తోపుల్లో కూసే మన కోయిలలో సగం పొడవు కూడా దీనికి ఉండదు.

మగపక్షి తల, వీపు, రెక్కలు రాగి ఛాయ కలిసిన నిగనిగలాడే ఆకుపచ్చ రంగులోను, గొంతు నుంచి పొట్ట వరకు గల అడుగుభాగం తెల్లగాను ఉంటాయి. ఛాతీకి ఇరువైపులా పచ్చని మచ్చ ఒక్కొక్కటి, కంటి వెనుక చిన్న తెల్లని గుర్తు కనిపిస్తాయి. ఈ పచ్చదనం ఆకుపచ్చ వర్ణద్రవ్యం వల్ల కలిగేది కాదు. ఈకల సూక్ష్మ నిర్మాణంలో పొరలుగా అమరిన మెలనిన్ అనే నల్లని పదార్థపు రేణువులపై పడిన కాంతి, పొరపొర నుంచీ వెనుదిరిగి తరంగాలుగా కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడి మరికొన్ని అణగిపోతాయి కనుక, ఎండలో మెరిసే పిట్టే నీడలోకి వెళ్లగానే వెలవెలబోతుంది. ఆడపక్షి పైభాగం కంచు గోధుమ వర్ణంలో అడ్డచారలతోను, అడుగుభాగం సన్నని గీతలతోను ఉంటుంది. దీని సమీప బంధువైన డిడరిక్ కోకిల రెక్కలపై తెల్లని మచ్చలుంటాయి, అందులోని మగదాని కన్ను ఎర్రగా ఉంటుంది. ఈ రెండు గుర్తులు తెలిస్తే పొరపాటు పడే అవకాశం తక్కువ.

డిడరిక్ కోకిల ఎక్కువగా గిజిగాళ్ల గూళ్లను ఆశ్రయిస్తే, క్లాస్ కోకిల తేనెపిట్టల వంటి మరీ చిన్న పక్షుల గూళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి బయటికి వచ్చిన కొద్ది రోజులకే దాని పిల్ల, గూటిలోని మిగతా గుడ్లను, పిల్లలను బయటికి నెట్టివేస్తుంది. పెద్దపక్షులకు ముఖ్యాహారం గొంగళి పురుగులు. ఇతర పక్షులు ముట్టని నూగు పురుగులను సైతం ఇవి తింటాయి.

1781 నుంచి 1784 వరకు దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతంలో పర్యటించిన ఫ్రెంచి పక్షిశాస్త్రవేత్త ఫ్రాంస్వా లెవయ్యాన్, తన వెంట ఉన్న ఖోయ్‌ఖోయ్ జాతి సహాయకుడు క్లాస్ పేరును ఈ పక్షికి పెట్టాడు; 1815లో జేమ్స్ ఫ్రాన్సిస్ స్టీఫెన్స్ శాస్త్రీయ నామంలోనూ దానిని నిలిపాడు. ప్రభువుల పేర్లు, పోషకుల పేర్లు పక్షులకు పెట్టడం పరిపాటిగా ఉన్న కాలంలో, స్థానికుడొకడికి దక్కిన ఈ గౌరవం నిజంగా ప్రశంసనీయం.

పశ్చిమాన సెనెగల్ మొదలుకొని తూర్పున ఇథియోపియా వరకు, దక్షిణాన దక్షిణాఫ్రికా వరకు ఈ జాతి విస్తరించి ఉన్నప్పటికీ, నైరుతి మూలన ఉన్న తీవ్రమైన ఎడారి ప్రాంతాల్లో ఇది కనిపించదు. దట్టమైన అడవి నడిమి భాగం కంటే అడవి అంచులు, చెట్లున్న గడ్డిమైదానాలు, తోటలు దీనికి అనుకూలం. దక్షిణ ప్రాంతాలకు ఇది ప్రధానంగా వేసవిలో గుడ్లు పెట్టడానికి వస్తుంది. వెచ్చని పల్లపు నేలల్లో మాత్రం కొన్ని పక్షులు చలికాలంలోనూ నిలిచి ఉంటాయి.