మేక కంటికి ఆపరేషను

మీ ఇంట్లో అవ్వకో తాతకో శుక్లం తీసి లెన్సు పెట్టించే ఉంటారు. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు మొదటిసారి అలాంటి ప్లాస్టిక్ లెన్సును ఒక స్త్రీ కంటిలో అమర్చాడు. కన్ను దాన్ని భరించింది గాని, లెన్సు శక్తి మితిమీరి ఆమెకు దూరపుచూపు బాగా దెబ్బతిన్నది. లెక్క తప్పిన సంగతి పాపం ఆమె కంటిలోనే బయటపడింది!

అందుకే నేడు కంటి పరికరాలు రూపొందించే ఇంజనీరింగ్ విద్యార్థులు ముందుగా కబేళా నుండి తెచ్చిన మేక కళ్లమీద, పంది కళ్లమీద ఉత్తుత్తి ఆపరేషను చేసి చూస్తారు. ప్రాణం పోయిన కన్ను మెత్తబడుతుంది గనుక సూదితో ఉప్పునీరు ఎక్కించి బిగువు తెస్తారు. ముసలివారి శుక్లం గట్టిది, లేత మేకది మెత్తన. కాబట్టి కొన్నిచోట్ల ఫార్మలిన్ మందు పట్టించి దాన్ని గట్టిపరుస్తారు.

బల్లమీద ముచ్చటగా మడతపడిన లెన్సు మూడు మిల్లీమీటర్ల గాటులోంచి దూరేటప్పుడు చిరగవచ్చు, లోపల తిరగబడి విచ్చుకోవచ్చు. అప్పుడు విద్యార్థులు ఆ కన్ను పక్కన పడవేసి, కాగితంమీద గీతలు సరిదిద్దుకొని, ఇంకో మేక కన్ను తెచ్చుకుంటారు.