ఎర్ర కాలిపర్ ముచ్చట

అలాయ్ చక్రాల చువ్వల సందుల్లోంచి తుప్పు పట్టిన ఇనుప దిమ్మ ఒకటి కనిపిస్తుంటుంది. అదే బ్రేక్ కాలిపర్. బ్రేకు తొక్కగానే ప్యాడ్లను డిస్క్‌కి అదిమిపట్టేది అదే. మామూలు కార్లలో దాన్ని ఎక్కువగా పోత ఇనుముతో చేస్తారు కనుక వానకీ చెమ్మకీ పైపైన తుప్పు లేస్తుంది. దానికి ఎర్ర రంగు వేసినంత మాత్రాన బ్రేకు బలం పెరగదు. స్పోర్ట్స్ కార్లను చూసి పుట్టిన ముచ్చట ఇది. ముచ్చటే అయినా తప్పేం లేదు.

మన చిన్న కార్లలో చాలావాటికి వెనక ఉండేవి కాలిపర్ లేని డ్రమ్ బ్రేకులే కాబట్టి పని ముందు చక్రాలకే. చదునైన నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, చక్రం నట్లు కాస్త వదులు చేశాకే జాకీతో ఎత్తాలి. బరువు మాత్రం స్టాండ్ల మీదే ఉండాలి. ఉత్త జాకీని నమ్ముకోవద్దు.

చక్రం విప్పాక అసలు పని కడగడమే. కాలిపర్ మీది నల్లపొడి ప్యాడ్లూ డిస్కూ అరిగి రాలింది. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. అందుకే గాలి కొట్టి లేపకూడదు. మాస్క్ పెట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి, వైర్ బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడవాలి. చేతికి అందింది కదా అని కిరోసిన్ వాడితే రబ్బరు ఉబ్బుతుంది. ఆ రబ్బరు తొడుగుల మీద వైర్ బ్రష్ కూడా పడకూడదు. ఇలా కడిగినప్పుడే చిరిగిన తొడుగు, బ్రేక్ ఆయిల్ చెమ్మ బయటపడతాయి. నా దృష్టిలో ఇంత శ్రమకీ దక్కే అసలు లాభం అదే. చెమ్మ కనిపిస్తే రంగు డబ్బా పక్కన పెట్టి మెకానిక్‌ని పిలవండి. ఆ ఆయిల్ ఎలాగూ రంగును తినేస్తుంది.

కాలిపర్‌ని విప్పక్కర్లేదు, ఆయిల్ గొట్టం జోలికి అసలే పోవద్దు. డిస్కు, ప్యాడ్లు, రబ్బరు తొడుగులు, కాలిపర్ జారే పిన్నులు, గాలి తీసే స్క్రూ: వీటికి రంగు అంటకుండా టేపు వేయాలి. పిన్నుల్లో రంగు గడ్డకడితే కాలిపర్ బిగుసుకుని ప్యాడ్లు ఒకవైపే అరుగుతాయి.

రంగు వేడికి తట్టుకునేదై ఉండాలి, ఇంటి తలుపులకు వేసే ఎనామిల్ పనికిరాదు. స్ప్రే కన్నా బ్రష్ మేలు, చుట్టుపక్కల చిందదు. ఒక్కసారే మందంగా పులమకుండా పలుచగా రెండు మూడు పూతలు వేసి, డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వాలి. టేపు తీశాక డిస్క్‌ని మరోసారి క్లీనర్‌తో తుడిచి, చక్రం ఎక్కించి, నట్లను ఎదురెదురుగా బిగించి, కారు కిందికి దించాక పూర్తిగా బిగించాలి. రోడ్డెక్కే ముందు వీధిలోనే నెమ్మదిగా నడిపి బ్రేకు చూసుకోండి.