పాత ట్రాక్టరుకు ఎవరి పద్ధతి మేలు?

గద్వాల: కాలువకు నీళ్లు వచ్చాయి. నారు అదునుకొచ్చింది. దమ్ముకు దిగిన నాడే పాత ట్రాక్టరు మొరాయించింది. మెకానిక్కు కోసం కబురంపితే ఆయన మరో ఊళ్లో ఉన్నాడు. ఈలోగా నారు ముదురుతుంది. ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో చాలామంది రైతులకు ఈ అవస్థ తెలిసిందే.

జూరాల కాలువలు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల పథకాల నీళ్లు వచ్చాక ఇక్కడ వరి మళ్లు పెరిగాయి. చెలక దున్నిన బండే బురదలోకీ దిగుతోంది. దుమ్ము, బురద రెండూ యంత్రానికి శత్రువులే.

పాత బండి విషయంలో రైతులది తలో తీరు. ఆగిపోయేదాకా నడిపించేవారు కొందరు. వీరికి అప్పటికి ఖర్చు కనబడదు. అదునులో ఆగితే రిపేరుతోపాటు కిరాయి బండి ఖర్చూ మీద పడుతుంది. ఏటా ఎండాకాలంలో షెడ్డుకు తోలి అప్పజెప్పేవారు మరికొందరు. ఇది మంచిదే కాని, ఏడాది పొడుగునా చూడవలసినవి మిగిలిపోతాయి. మూడో రకం వారు నడిచిన గంటలను నోటుబుక్కులో రాసుకుని, వేళకు ఆయిలు మారుస్తారు. చాలా బండ్లకు ఇది 250 గంటలకోసారి. మీటరు పనిచేయని పాత బండికి ఈ నోటుబుక్కే ఆధారం.

రోజువారీ పనులు రైతు చేతిలోనివే. పొద్దున్నే ఇంజను ఆయిలు, రేడియేటరు నీళ్లు చూడాలి. పొడి దుక్కుల రోజుల్లో ఎయిర్ క్లీనరును రోజూ శుభ్రం చేయాలి. దుమ్ము లోపలికి పోతే లైనర్లు, రింగులు అరిగి పొగ పెరుగుతుంది, బలం తగ్గుతుంది. సాయంత్రమే డీజిలు నింపి ఉంచితే ట్యాంకులో రాత్రి చెమ్మ పట్టదు. దమ్ము ముగిసిన రోజున ముందు ఇరుసుకు, చక్రాలకు గ్రీజు కొడితే బురద బయటికి వస్తుంది. గేరుబాక్సు ఆయిలు పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే, వెంటనే మార్చాలి.

డీజిలు పంపు, గేరుబాక్సు మాత్రం సొంతంగా విప్పరాదు. అది చేయి తిరిగిన మెకానిక్కు పని.

కాగితాలూ ముఖ్యమే. 1988 మోటారు వాహనాల చట్టం కింద వ్యవసాయ ట్రాక్టరు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపై తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

ఎద్దుకు మేత వేయకుండా కాడి కట్టే రైతు లేడు. పాత ట్రాక్టరుకూ పొద్దున పది నిమిషాలు కేటాయిస్తే అదునులో ఆదుకుంటుంది.