చెవికి నచ్చే జోడీ కుదరాలంటే...

తెర మీద హీరో హీరోయిన్ల జోడీ కుదరకపోతే బొమ్మ ఆడుతుందా? ఆడదు గాక ఆడదు! ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పాటలు వినేవాళ్ళకి హెడ్‌ఫోన్, యాంప్లిఫయర్ల జోడీ కూడా అలాంటిదే. "ఏ యాంప్లిఫయర్ కొనమంటారండీ?" అని కుర్రకారు నన్ను అడుగుతూంటారు. నేను వెంటనే ఎదురు ప్రశ్న వేస్తాను. "అసలు నీ హెడ్‌ఫోన్‌కి యాంప్లిఫయర్ కావాలా, బాబూ?" అని.

అవును మరి! అన్ని హెడ్‌ఫోన్లకీ అది అక్కర్లేదు. వివరాల కాగితంలో ఇంపెడెన్స్ అని ఓమ్‌లలో ఓ అంకె ఉంటుంది, చూడండి. 1991 నుంచీ స్టూడియోల్లో తిరుగుతున్న పాతకాపు సోనీ ఎం.డి.ఆర్.-7506 ఉందే, అది 63 ఓమ్‌లు. కంప్యూటర్‌కి నేరుగా తగిలించినా గొంతెత్తి పాడుతుంది. 1997లో రంగప్రవేశం చేసిన సెన్‌హైజర్ హెచ్.డి.-600 సంగతి వేరు. దానిది 300 ఓమ్‌ల బెట్టు! ఒక వోల్టు అందిస్తే 97 డెసిబెల్స్ పలుకుతుంది. మామూలుగా వినడానికి అది చాలు. కానీ వాద్యబృందమంతా ఒక్కసారిగా విజృంభించే చోట 110 డెసిబెల్స్ అందుకోవాలంటే దాదాపు నాలుగున్నర వోల్టులు కావాలి. చాలా కంప్యూటర్ల జాక్‌లు ఒకటి, రెండు వోల్టుల దగ్గరే చేతులెత్తేస్తాయి. యాంప్లిఫయర్ ప్రవేశించవలసిన సీను సరిగ్గా అదే!

ఆ నాలుగున్నర వోల్టులకీ ఖర్చయ్యే శక్తి ఎంతనుకున్నారు? 67 మిల్లీవాట్లు, అంతే! కాబట్టి వేల మిల్లీవాట్ల ప్రకటనలు చూసి జేబు ఖాళీ చేసుకోకండి. మోడల్ పేరొక్కటే చూసినా చాలదు సుమా! బేయర్‌డైనమిక్ డి.టి.-770 ప్రో అనేది 32, 80, 250 ఓమ్‌లతో త్రిపాత్రాభినయం చేస్తుంది. మీ దగ్గరున్నది ఏ పాత్రో ముందు తెలుసుకోండి.

ఇక రెండో చిక్కు. కొందరికి శబ్దం చాలదు. కొందరికేమో శబ్దం చాలు గానీ, వెనకాల గోల. మౌస్ కదిపితే గరగర, ఫైలు తెరిస్తే కిచకిచ. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరే. గోల పుట్టేది కంప్యూటర్ లోపల. అదే జాక్ నుంచి తీగ లాగి యాంప్లిఫయర్‌కి కలిపితే పాటతోపాటు గోల కూడా పెద్దదవుతుంది! దీనికి కావలసింది యు.ఎస్.బి.కి తగిలించే డాక్. కంప్యూటర్‌లోని అంకెలను సంగీతంగా మార్చే పనిని పెట్టె బయటికి తెచ్చేస్తుందన్నమాట. డాక్, యాంప్లిఫయర్ రెండూ ఒకే డబ్బాలో ఉన్నవి కూడా దొరుకుతాయి.

కొనేముందు ఇంకో అంకె చూడండి. యాంప్లిఫయర్‌కి కూడా అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉంటుంది. అది హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతుకి మించకూడదని ఓ లెక్క. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 4 ఓమ్‌లు, అంతకంటే తక్కువైతే మరీ మంచిది. ఎక్కువైతే కొన్ని హెడ్‌ఫోన్లలో బేస్ ఉబ్బిపోయి గాయకుడి గొంతుని కమ్మేస్తుంది.

ఈ లెక్కను బాగా ప్రచారం చేసినవాడి కథ సినిమాకేం తీసిపోదు. ఎన్.డబ్ల్యు.ఎ.వి. గై అనే మారుపేరుతో ఓ అజ్ఞాత ఇంజనీరు 2011లో ఆబ్జెక్టివ్2 అనే యాంప్లిఫయర్‌ని తయారుచేశాడు. రెండు 9 వోల్టుల బ్యాటరీలతో కూడా నడుస్తుంది. డిజైన్ అంతా ఉచితంగా లోకానికి ఇచ్చేశాడు. ఖరీదుకీ నాణ్యతకీ లంకె లేదని కొలతలతో చూపించాడు. 2012లో ఉన్నట్టుండి మౌనం వహించాడు. అసలు పేరైనా చెప్పుకోలేదు మహానుభావుడు!

దుకాణంలో విని చూసేటప్పుడు ఓ జాగ్రత్త. కాస్త ఎక్కువ శబ్దంతో మోగినదే ఎవరి చెవికైనా బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకే రెండు యాంప్లిఫయర్లనీ ఒకే స్థాయిలో పెట్టించి, మీకు కంఠతా వచ్చిన పాటే వినండి. అలా విన్నప్పుడు చాలాసార్లు నాకు చవకదానికీ ఖరీదైనదానికీ తేడా దొరకలేదు. ఇంకో మాట. 1957 నాటి 'మాయాబజార్' పాటల అసలు రికార్డింగులు మోనో. ఎంత పోసి కొన్న యాంప్లిఫయరైనా ఘంటసాలగారిని ఎడమ చెవిలోనూ, లీలగారిని కుడి చెవిలోనూ విడివిడిగా కూర్చోబెట్టలేదు!

చివరగా చెవుల మాట. 80 డెసిబెల్స్ దగ్గరైతే వారానికి 40 గంటలు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90కి పెంచితే నాలుగే గంటలు! యాంప్లిఫయర్ పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. చెవులకి మాత్రం రెండో ఆట లేదు. అంకెలు చూసుకుని, అవసరం లేదని తేలితే ఆ డబ్బు అలాగే ఉంచుకోండి. నెలంతా సినిమాలు చూడొచ్చు!