కాళ్ళు ఆపినా ఆగని సైకిల్

పోయిన ఏడాది తొలకరికి పుట్టింటికి, జొన్నగిరికి వెళ్ళాను. నాలుగు చినుకులు పడితే చాలు, వజ్రాలు వెదుక్కునేవాళ్ళతో మా ఊరి చేలు తిరునాళ్ళలా ఉంటాయని మీరూ వినే ఉంటారు. అందరూ నేల వంక చూస్తూ తిరుగుతుంటే, మా అన్న కూతురు మాత్రం సైకిల్ వంక చూసి ఏడుపు ముఖం పెట్టింది. పెడల్ తొక్కితే కాళ్ళు గిర్రున తిరుగుతున్నాయి గానీ చక్రం కదలడం లేదు.

"ఫ్రీవీల్ పోయింది. కొత్తది కావాలంటే పత్తికొండకో గుత్తికో పోవాల" అన్నాడు పంక్చర్లు వేసే అబ్బాయి. పదో తరగతి పిల్ల. తెల్లారితే ట్యూషను. "ఇప్పటికేదో ఒకటి చెయ్యి నాయనా" అన్నది నేనే. అతను కట్టుతీగ తెచ్చి, వెనకవైపు పళ్ళచక్రాన్ని పుల్లలకి నాలుగు చోట్ల బిగించి కట్టాడు. "బండి పోతాదక్కా. కాలు ఆపితే మాత్రం ఆగదు, చూసుకోమను" అన్నాడు. ఇరవై రూపాయలతో పని అయిందని మురిసిపోయాను. ఆ చివరి మాట చెవిన పడింది గానీ మనసుకి పట్టలేదు.

మర్నాడు దిగుడులో పాప అలవాటు కొద్దీ కాళ్ళు ఆపబోయింది. పెడళ్ళు ఆగితే కదా! ఆ తడబాటులో చున్నీ జారి చైన్లో పడింది. మామూలు సైకిలైతే తొక్కడం ఆపగానే చైనూ ఆగుతుంది. పెడల్ కాస్త వెనక్కి తిప్పితే గుడ్డ బయటికొస్తుంది. చీర కుచ్చెళ్ళు అలా లాక్కోని వాళ్ళు మనలో ఎందరు? తీగ కట్టిన సైకిల్‌కి ఆ దయ లేదు. చక్రం తిరిగినంతసేపూ గుడ్డని లాగుతూనే ఉంటుంది. చున్నీకి పిన్ను పెట్టుకోలేదు కాబట్టి మెడ మీంచి జారిపోయింది. మోకాళ్ళు, మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. 'మెడ' అని రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి వణుకుతుంది.

ఆ చక్రాన్ని ఊడదీయించి బస్సులో వేసుకుని ఆదోని తెచ్చాను. మా వీధి చివర సైకిల్ షాపు పెద్దాయన ఫ్రీవీల్ విప్పి చూపించాడు. లోపల రెండు చిన్న ఉక్కు నాలుకలు, వాటిని నిలబెట్టే సన్నటి స్ప్రింగులు, అంతే. ముందుకి తొక్కితే నాలుకలు లోపలి పళ్ళకి తగులుకుని చక్రాన్ని తిప్పుతాయి. తొక్కడం ఆపితే ఆ పళ్ళ మీంచి జారుతూ పోతాయి. మనకి వినిపించే కిటకిట అదే. మా దాంట్లో దుమ్మూ, ఎండిన గ్రీజూ చేరి నాలుకలు అతుక్కుపోయాయి. డీజిల్‌తో కడిగి, పల్చటి మిషన్ నూనె నాలుగు చుక్కలు వేశాడు. మళ్ళీ పలికింది. కొత్తది కొనే పనే లేదు!

"ఇట్లా బిగించిన సైకిళ్ళు అసలు ఉండవా?" అని అడిగాను. ఎందుకుండవు, ట్రాక్ పందేలవి అవే అన్నాడు. 2002 జాతీయ క్రీడలకి హైదరాబాద్‌లో, ఉస్మానియా యూనివర్సిటీలో వెలోడ్రోమ్ కట్టారు కదా, అలాంటి చోట నడిపే సైకిళ్ళకి ఫ్రీవీలూ ఉండదు, బ్రేకులూ ఉండవు. కాళ్ళతోనే వేగం తగ్గించుకుంటారు. అందుకు వాటి హబ్బే వేరు. పళ్ళచక్రం ఒక వైపు తిప్పితే బిగుస్తుంది, దాన్ని పట్టి ఉంచే రింగు రెండో వైపు తిప్పితే బిగుస్తుంది. కాబట్టి కాలితో ఆపినా ఊడదు. మన సైకిళ్ళ హబ్బుకి ఆ రెండో మర లేదు. ఫ్రీవీల్ తీసేసి వట్టి పళ్ళచక్రం బిగిస్తే, కాలితో ఆపబోయినప్పుడే అది విప్పుకుంటుంది. వెల్డింగ్ చేయిస్తే ఊడదు గానీ, ఆ హబ్బు ఇక వేరే దేనికీ పనికిరాదు.

పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా సైకిళ్ళు చాలావరకు ఇలా ఆగని పెడళ్ళవేనట. పాపం, గౌన్లతో ఎలా తొక్కారో! ఆనాటి ఆడవాళ్ళ సైకిళ్ళకి వెనక చక్రం మీద దారాల వల అల్లేవారు.

మీ ఇంట్లో సైకిలుంటే ఒకసారి వెనక చక్రం పైకెత్తి చేత్తో ముందుకి తిప్పండి. పెడల్ కదలకుండా కిటకిట వినిపించాలి. పెడలూ తిరుగుతుంటే పిల్లల్ని ఎక్కించకండి.

చక్రంతో పాటు చైను కవరు కూడా కొని జొన్నగిరికి పంపాను. సాయంత్రానికి పాప ఫోన్ చేసింది. "అత్తా, దిగుడులో కాళ్ళు ఆపితే కిటకిట అంటాంది!"